రోజ్‌మేరీకి మనిషి అక్కర్లేదు

మా క్యాంపస్‌లోకి రోజ్‌మేరీ జుట్టు దారిన వచ్చింది. ముందు లేడీస్ హాస్టల్ పిల్లలు, జుట్టు పెరుగుతుందని ఫోన్లలో చూసి, దాని ఎండు ఆకు తెప్పించుకున్నారు. నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి, సీసాల్లో పోసుకుని పొద్దునా సాయంత్రం నెత్తిమీద కొట్టుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆ వాసన మేడమ్‌లకు పాకింది, ఆ తర్వాత సార్లకు. సార్లలో జుట్టున్నవాళ్లు తక్కువ, కాబట్టి ఆశ ఎక్కువ. చూస్తూండగానే తార్నాకలో మొక్కల బండివాడు కరివేపాకు కుండీలు వెనక్కి జరిపి, ముందు వరసలో రోజ్‌మేరీ పెట్టాడు. వాడి నెత్తి కూడా బోడే. అయినా జనం నమ్మి కొన్నారు.

నేను ఆ క్యాంపస్‌లో తోటపని చేస్తాను. ఎనిమిదో తరగతి సగంలో బడి వదిలేసి, మెట్టుగూడ దగ్గర ఒక నర్సరీలో మట్టి కలపడానికి చేరి, అక్కడి నుంచి ఏజెన్సీ తరఫున ఈ చదువుల కొంపలోకి వచ్చిపడ్డాను. ఇంత పెద్ద యూనివర్సిటీలో ఒక్కసారి కూడా ఫెయిల్ కానివాణ్ని నేనొక్కణ్నే. పరీక్ష రాస్తే కదా.

మేం పనిచేసే డిపార్ట్‌మెంటు ముందు మెట్లకు రెండు పక్కలా రెండు పొడవాటి మడులు ఉండేవి. బిల్డింగు మొఖం దక్షిణానికి. ఒకప్పుడు అక్కడ ఒక పెద్ద చెట్టుండేది, కార్లు నిలపడానికి అడ్డమని కొట్టేశారు. అప్పటి నుంచి పొద్దున ఎనిమిదింటికి పడిన ఎండ సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుక్కూర్చునేది. ఆ ఎండలో నలభై దాకా గులాబీ చెట్లు. వాటిని చూసుకునేది నేను కాదు, అక్క.

అక్కది వారాసిగూడ. ఆ బిల్డింగు కడుతున్నప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చి, కట్టడం అయిపోయాక కూడా ఇంటికి పోకుండా తోటలో ఉండిపోయిన మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నిలబడి పది అడుగులు ఊడిస్తే పదకొండో అడుగుకు చీపురునే కర్రలా పట్టుకుని ఆగిపోయేది. అందుకని ఒక పొట్టి పీట చేయించుకుంది. పొద్దున మొదటి చెట్టు దగ్గర ఆ పీట వేసుకుని కూర్చుంటే, సాయంత్రానికి చివరి చెట్టు దగ్గర తేలేది. కలుపు తీయడం, వాడిన పువ్వు తుంచడం, అంటు కింద నుంచి వచ్చే పిచ్చి కొమ్మల్ని కనిపెట్టి కోసేయడం, అన్నీ కూర్చునే. క్యాంపస్ మొత్తంలో కూర్చుని చేయగలిగిన తోటపని అదొక్కటే. మిగతాదంతా గడ్డి మిషన్ తోయడం, రోడ్లు ఊడవడం, కొమ్మలెక్కి నరకడం.

గులాబీలకు ఆమె పెట్టే మేపు చూస్తే నాకు కుళ్లుగా ఉండేది. క్యాంటీన్ నుంచి టీ పొడి పిప్పి, ఆమ్లెట్ల గుడ్డు పెంకులు, వేపపిండి, ఎముకల పొడి. దసరా తర్వాత కొమ్మలు కత్తిరిస్తే, కోసిన ప్రతి కొస మీదా వేలితో పేడ ముద్ద అద్దేది. లాలాగూడ వైపు నుంచి వచ్చే పాలాయన క్యాంటీన్‌కు ఒక డబ్బాలో పాలూ, ఆమె కోసం ఇంకో డబ్బాలో పేడా తెచ్చేవాడు.

"ఎప్పుడన్న డబ్బాలు తారుమారైతే సార్లకు చాయ్ మంచిగుంటది అక్కా," అనేవాణ్ని.

"నీకైతే ఫరక్ తెల్వది పో," అనేది.

ఆమెతో నాది రోజంతా ఇదే వరస. నేను విసరడం, ఆమె తిప్పికొట్టడం. ఉపాధ్యాయుల రోజున పిల్లలు మా మడిలోనే పువ్వులు దొంగిలించి, మా ఎదుటే మెట్లెక్కి, మా సార్లకే ఇచ్చి కాళ్లకు దండం పెట్టేవాళ్లు. "పెంచింది నువ్వు, దండం వాళ్లకు" అంటే, "పోనీ తియ్, మొక్కెటోళ్లు ముండ్లు తీసి మొక్కుతలేరు, గది సాలు" అనేది. నిజమే, ఆ రోజు సాయంత్రం దాకా సార్లు వేళ్లు చూసుకుంటూ తిరిగేవాళ్లు.

ఆ ఎండాకాలం బోరు దిగిపోయింది. ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. అప్పుడే డిపార్ట్‌మెంటుకు కొత్త హెడ్డుగా ఒక మేడమ్ వచ్చింది. సీమ మనిషి, నీళ్ల విలువ తెలిసిన మనిషి. మొదటిరోజే మెట్ల మీద నిలబడి పైపు పట్టుకున్న నన్ను చూసి, "ఏమప్పా, తాగేదానికి లేవు గాని పూలకి స్నానాలా?" అంది. చెడ్డది కాదు. మర్నాడు క్యాంటీన్లో తన గ్లాసులో మిగిలిన నీళ్లు తెచ్చి మడిలో పోసింది. నిజంగా పోసింది, నా కళ్లతో చూశాను.

ఆమెకు రోజ్‌మేరీ పెట్టించాలని. నీళ్లు తక్కువ, ఎండకు జంకదు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఆకు పనికొస్తుంది. గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద సారు మాత్రం గులాబీ పార్టీ. "గుమ్మం ముందు గులాబీ తీసేసి కషాయం మొక్క పెడతారేంటండీ?" అని వాదన. రెండు పార్టీలకూ పడక, విషయం అందాల కమిటీకి వెళ్లింది. డిపార్ట్‌మెంటు ముందు ఏ మొక్క ఉండాలో తేల్చడానికి కమిటీ ఉంటుందని మీకు నమ్మకం కలగకపోతే మీరు యూనివర్సిటీ చూడలేదన్నమాట. ఆ కమిటీ ఫైలుకు ఒక పద్ధతి ఉంది. పనిచేసే మనిషి మాట కూడా ఒకటి రాసుకోవాలి, కింద వాడి సంతకం ఉండాలి. ఆ మనిషిగా నన్ను పిలిచారు. అక్కను పిలవలేదు. ఆమె మాట్లాడితే సూటిగా ఉంటుంది, నేనైతే నవ్విస్తానని అందరికీ తెలుసు.

ముందురోజు అక్క పీట మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"తమ్మి, రేపు నిన్ను మీటింగ్‌ల కూసోబెడ్తరట గదా?"

"కుర్చీ ఏస్తరట అక్కా. చాయ్ గూడ."

"చాయ్ తాగు, బిస్కిట్ తిను. గాని ఒక్క మాట చెప్పు. గులాబీలు గాడనే ఉండాలె అను."

"చెప్త గదా."

"జోకులెయ్యకు."

"జోకులెయ్యకుంటె నన్ను పిలుసుడెందుకు?"

ఆమె నవ్వలేదు. చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "గులాబీలు పోతె నన్ను రోడ్డు మీద ఏస్తరు. నా మోకాళ్ల సంగతి నీకెరుకే. రెండు దినాలు సూస్తరు, మూడో దినం ఇంటికి పొమ్మంటరు. గింతే. నవ్వులాట కాదు."

చెప్తానని చెయ్యి మీద చెయ్యేసి మాటిచ్చాను.

మర్నాడు కుర్చీ నిజంగానే వేశారు. మెత్తటి కుర్చీ, చక్రాలది. బడిలో నన్ను ఎప్పుడూ బెంచీ మీద నిలబెట్టేవాళ్లు కాబట్టి ఆ చక్రాల కుర్చీలో కూర్చున్నాక నడుం దానంతటదే నిటారైంది. మేడమ్, గోదావరి సారు, ఇంకో ముగ్గురు సార్లు, మూలన రాసుకునే క్లర్కు. క్లర్కు మా హైదరాబాదువాడే, నున్నటి గుండు.

"చెప్పప్పా," అంది మేడమ్. "ఎండ బాగా ఉండే తావు. గులాబీ మంచిదా, రోజ్‌మేరీ మంచిదా? మాకు పుస్తకాల మాటలొద్దు, నువ్వు చూసింది చెప్పు."

మొదట్లో బాగానే చెప్పాను. రెండూ ఎండ మొక్కలే అన్నాను. నీడలో రెండూ ఏడుస్తాయి. కాకపోతే మన దగ్గర మే నెల ఎండకు గులాబీ రేకు మధ్యాహ్నానికే మాడుతుంది, దీపావళి నుంచి శివరాత్రి దాకానే దాని భోగం. తిండి ఎక్కువ, పురుగు ఎక్కువ, తామర పురుగు పట్టిందంటే మొగ్గ విచ్చుకోదు. రోజ్‌మేరీకి ఆ గొడవ లేదు, నేల ఆరితేనే దానికి సుఖం.

"అట్లయితే రోజ్‌మేరీ వాడితే జుట్టొస్తది అంటరు, నిజమేనా?" అని ఒక సారు అడిగాడు.

"రాసే సార్‌కు వస్తె మనందరికి వచ్చినట్టే సార్," అన్నాను క్లర్కు గుండు చూపిస్తూ.

గది గొల్లుమంది. క్లర్కు కూడా నవ్వాడు. పెద్ద చదువులవాళ్లు నవ్వితే అదో మత్తు. వాళ్లు ఊరికే నవ్వరు, తల వెనక్కి వాల్చి కళ్లద్దాలు తీసి మరీ నవ్వుతారు. నాకు ఇంకాస్త కావాలనిపించింది.

"అసలు సంగతేందంటె మేడమ్, గులాబీ అంటె ఇంటికొచ్చిన కొత్తల్లుడు. పొద్దున లేస్తె సూడాలె, మేపాలె, అలిగితె బుజ్జగియ్యాలె. రోజ్‌మేరీ అంటె మన పీహెచ్‌డీ పిల్లగాడు. నీళ్లు పోసినా పొయ్యకున్నా ఎండల పడి ఉంటడు. ఎవ్వడు పట్టించుకోకున్నా ఏండ్లకేండ్లు గాడనే ఉంటడు."

గోదావరి సారు బల్ల చరిచాడు. మేడమ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కడ ఆపి, అక్క మాట చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఇంకో సంగతీ చెప్పాలి: ఆ మడుల్లో ఉన్నది నల్లమట్టి, పైగా డాబా మీద వాననీళ్ల గొట్టం నేరుగా వాటిల్లోకే దిగుతుంది. గులాబీ తట్టుకుంటుంది, రోజ్‌మేరీ వేరు ఒక్క వానాకాలానికి కుళ్లిపోతుంది. అది తెలిసినవాణ్ని ఆ గదిలో నేనొక్కణ్నే. కానీ నవ్వు ఇంకా ఆగలేదు, ఆగకముందే ఇంకొకటి వేయాలి, అదీ నా యావ.

"దానికి మాలి గూడ అక్కర్లేదు మేడమ్. మాలి లేకుంటేనే మంచిగ పెరుగుతది. నీళ్లు ఎక్కువ పోసి సంపెటోడు ఉండడు గదా!"

మళ్లీ గొల్లుమన్నారు. క్లర్కు ఈసారి నవ్వుతూనే రాసుకున్నాడు. "థాంక్సప్పా, బాగా చెప్పినావు," అంది మేడమ్. చాయ్ వచ్చింది. కాగితం నా ముందుకు జరిపితే, వంకరలు తిప్పి అందంగా సంతకం పెట్టాను. చాయ్ తాగాను. బిస్కిట్ తిన్నాను.

బయటికి రాగానే అక్క పీట మీద నుంచే అరిచింది. "చెప్పినవా?"

"చెప్పిన," అన్నాను.

ఆఫీసులో మాటకు నవ్వు అంటుకుని ఉండదు. నవ్వు గదిలోనే రాలిపోతుంది, ఫైల్లోకి మాట ఒక్కటే పోతుంది. నెల తర్వాత వచ్చిన కాగితాన్ని క్లర్కు నాకు చదివి తెలుగులో చెప్పాడు. తోటపని సిబ్బంది అభిప్రాయం ప్రకారం కొత్త మొక్కలకు రోజూ మనిషి అవసరం లేదు. కనుక ఇద్దరిలో ఒకరిని తగ్గించడమైనది.

"అరె భయ్, నేను జోక్ చేసిన గదా," అన్నాను.

"నేనేం చెయ్యాలె? నువ్వు చెప్పిందే రాసిన. నీ సంతకమే ఉన్నది సూడు," అన్నాడు. ఇంకా నయం, గుండు మీద జోకు రాసుకోలేదు.

గడ్డి మిషన్ తోసేవాణ్ని, నిచ్చెనెక్కేవాణ్ని, నన్ను ఉంచారు. తీసేది ఎవర్నో ఎవరూ అడగనక్కర్లేదు. ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చి గేటు దగ్గరే అక్కకు చెప్పాడు, వారం దాకా రమ్మన్నాడు. ఆ వారంలో గులాబీలు పీకాలి.

పీకింది నేను, పీకించింది ఆమె. పీట మీద కూర్చుని, "దూరంగెళ్లి తవ్వు, వేరు తెగుతది. మట్టి ముద్దతోని లేపు. గోనెసంచి సుట్టు," అని ఒక్కో చెట్టుకూ చెప్పింది. ఎవరైనా ఇళ్లకు తీసుకెళ్తారని ఆశ. గోదావరి సారు రెండు తీసుకెళ్లాడు. హాస్టల్ వార్డెన్ ఒకటి. మిగతావన్నీ గోనెసంచుల్లో గోడ వారగా వరసగా నిలబడ్డాయి, చిగుళ్లు ఎర్రగా వేస్తూనే.

మూడోరోజు మధ్యాహ్నం అక్క ఎప్పటిలాగే క్యాంటీన్‌కు టీ పిప్పి తేవడానికి వెళ్లింది. ఏ చెట్టుకు వేస్తుందని అడగలేదు నేను. కాళ్లకు అలవాటు. తిరిగొచ్చి, గిన్నె కింద పెట్టి, పీట మీద కూర్చుంది.

"క్యాంటీన్ల పిల్లలు ఒకటే నవ్వుతున్నరు. నువ్వు మీటింగ్‌ల ఏదో జోకేసినవట. మస్తుగున్నదట. నాగ్గూడ చెప్పు."

గడ్డపార నా చేతిలో ఉంది. "ఏం లేదక్కా, ఊకనే."

"చెప్పు. ఊరంత ఇన్నది, నేనే ఇనలే."

చెప్పాను. తలొంచుకుని చెప్పబోతే, "మొఖం ఎత్తి చెప్పు, గాడ ఎట్ల చెప్పినవో గట్లనే," అంది. అల్లుడి నుంచి మొదలుపెట్టాను. పీహెచ్‌డీ పిల్లగాడి దాకా వచ్చాను. మాలి అక్కర్లేదన్న దగ్గర ఆపబోయాను, అయినా వదల్లేదు, చివరిదాకా చెప్పించింది. మొఖం కదలకుండా విన్నది. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అన్నది:

"పీహెచ్‌డీ పిల్లగాని దాక మంచిగనే ఉన్నది తమ్మి. గాడ ఆపాల్సుండె."

అంతే. తిట్టలేదు. శాపం పెట్టలేదు. మిగతా చెట్లకు కూడా "దూరంగెళ్లి తవ్వు" అనే చెప్పింది. వారం అయ్యాక పీట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. గోడ వారన ఉన్న గులాబీలకు నేను పది రోజులు నీళ్లు పోశాను. పదకొండో రోజు పొద్దున చెత్త ట్రాక్టరు వాటిని ఎక్కించుకుపోయింది.

రోజ్‌మేరీ వచ్చింది. అరవై మొక్కలు, సన్నటి సూదుల్లాంటి ఆకులు, పక్క నుంచి నడిస్తే ఘాటైన వాసన. మేడమ్ రోజూ ఆగి ఒక ఆకు నలిపి చూసుకునేది. హాస్టల్ పిల్లలు గుప్పెళ్లతో దూసుకుపోయేవాళ్లు. క్లర్కు కూడా పొద్దున్నే ఒక రెమ్మ తుంచి జేబులో వేసుకోవడం చూశాను. నేను చూడనట్టే ఉన్నాను. ఏ జోకూ రాలేదు. జూన్ దాకా మొక్కలు నేను చెప్పినట్టే ఉన్నాయి, మనిషి అక్కర్లేకుండా.

తర్వాత వానలు. డాబా గొట్టం తెరుచుకుంది. మొదటి వానకే మడులు బురద గుంటలయ్యాయి. నేను పక్కన కాలువలు తీశాను, ఇసుక తెచ్చి పోశాను, గొట్టానికి ప్లాస్టిక్ సంచి కట్టి నీళ్లు రోడ్డు మీదకు మళ్లించాను. సంచి రెండో వానకు చిరిగింది. ఆగస్టుకు ఆకులు కింది నుంచి నల్లబడ్డాయి. వినాయక చవితి వచ్చేసరికి చీపురు పుల్లలు మిగిలాయి. ఒకటి పట్టి లాగితే వేరు చేతికి జిగటగా వచ్చింది.

మేడమ్ పిలిపించింది. ఈసారి కుర్చీ లేదు.

"ఏమప్పా, అన్నీ సచ్చిపోయినాయే?"

"మట్టి నల్లది మేడమ్. పైన గొట్టం నీళ్లన్ని గాడనే పడ్తయి. వేరు మురిగిపోయింది."

"అది నీకు ముందే తెలుసునా?"

"తెలుసు మేడమ్."

"తెలిస్తే ఆ పొద్దు చెప్పొద్దా?"

"మీరంత నవ్వుతున్నరు గదా మేడమ్."

ఆమె నా వైపు చూసి, తర్వాత కిటికీ వైపు చూసింది. ఆ అదనులో మొత్తం కక్కేశాను. అక్క సంగతి, మోకాళ్ల సంగతి, నేనిచ్చిన మాట సంగతి. మళ్లీ గులాబీలే పెడదాం, ఆమెను పిలుద్దాం, నీళ్లు నేను మోస్తాను, అన్నాను. మేడమ్ అప్పటికప్పుడు నోట్ రాసింది. నా ముందే రాసింది. అందులో ఏ తప్పూ లేదు.

దసరా దాటాక జవాబొచ్చింది. ఒకసారి తగ్గించిన పోస్టు మళ్లీ ఇవ్వడం కుదరదు. మనిషి లేని చోట మొక్కలు వద్దు. రెండు మడుల్లోనూ తెల్ల గులకరాళ్లు పరవాలి. "నా చేతిలో లేదప్పా," అంది మేడమ్. ఆమె గొంతు నిజంగానే బాగాలేదు.

రాళ్లు పరిచిన రోజు సాయంత్రం వారాసిగూడ వెళ్లాను. అక్క ఒక టిఫిన్ సెంటరు వెనక సందులో పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తోంది. పక్కన వలిచినవి ఒక గంప, వలవాల్సినవి రెండు గంపలు. నన్ను చూసి జరిగి కూర్చుంది, నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. రోజ్‌మేరీ చచ్చిపోయిన సంగతి, నేను మేడమ్‌ను అడిగిన సంగతి, జవాబు సంగతి చెప్పాను. చేతులు ఆపకుండా విన్నది.

"ఇప్పుడేం పెట్టిన్రు గాడ?"

"రాళ్లు. తెల్ల రాళ్లు."

"మంచిగున్నయా?"

"ఉన్నయి."

"గవి సావయి," అన్నది.

లోపలి నుంచి ఎవరో వెల్లుల్లి కోసం అరిచారు. వలిచిన గంప అందించి, చేతులు చీరకు తుడుచుకుని, మొదటిసారి నా మొఖంలోకి చూసింది. "కోపం లేదు తమ్మి. గాని ఇంగ రాకు. నువ్వొస్తె మట్టి వాసనొస్తది. పొద్దుగాల లేసి గాడికే పోవాలనిపిస్తది నాకు."

అని రెండో గంప ముందుకు లాక్కుంది. నేను లేచి బస్టాపుకు నడిచాను. మళ్లీ వెళ్లలేదు.